ఇంటర్నెట్ పోయినా ఆగని స్మార్ట్ ఇల్లు: పరికరాలన్నిటినీ ఇంట్లోనే కలిపి నడపడం ఎలా?

కొత్తగూడు

అందరికీ నమస్కారం. మా ఇంట్లో స్మార్ట్ పరికరాలు ఒకదాని తర్వాత ఒకటి చేరి, ఇప్పుడు ఒక్కోదానికి ఒక్కో యాప్ అయింది. గదుల్లో వైఫై స్విచ్‌లు, మెట్ల దగ్గర జిగ్‌బీ (వైఫై కాకుండా వేరే రేడియో పద్ధతి) బల్బులు, వాటిని ఇంటి నెట్‌వర్క్‌కు కలిపే ఒక హబ్, తలుపులకు సెన్సర్లు, వాకిట్లో వైఫై కెమెరాలు, ఏసీ కోసం ఒక ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ డబ్బా. ఈ మధ్య ఒక రాత్రి ఇంటర్నెట్ ఆగిపోయింది. గోడ మీద మీట నొక్కితే దీపాలు వెలిగాయి గానీ, తలుపు తీయగానే వెలగాల్సిన మెట్ల దీపం వెలగలేదు. ఏసీ ఆపబోతే పరికరం అందుబాటులో లేదని ఫోన్ చెప్పింది. ఫోను, ఆ డబ్బా ఒకే గదిలో, ఒకే వైఫై మీద ఉన్నాయి!

మా అమ్మ ఆ రాత్రి చీకట్లో మెట్లు దిగింది. అందుకే దీన్ని ఇక వదలదలచుకోలేదు. ఇంట్లో ఇచ్చిన ఆదేశం ఇంట్లోనే తిరగాలి. వీటన్నిటినీ ఇంటర్నెట్‌తో పని లేకుండా ఒకే చోటి నుంచి నడపగలమా? ఏవి ఉంచాలి, ఏవి మార్చాలి? బయట ఉన్నప్పుడు చూసుకునే వీలు మాత్రం పోకూడదు.

ఇత్తడిదీపం

ముందు ఏదీ కొనకండి. రూటర్‌కు బయటి నుంచి వచ్చే తీగను ఊడదీసి, వైఫైని మాత్రం అలాగే ఉంచి ఒక పూట గడపండి. ప్రతి పరికరాన్నీ గోడ మీటతో, ఫోన్‌తో, తనంతట తాను చేయాల్సిన పనితో పరీక్షించండి. ఏది ఎక్కడ ఆగిందో రాసుకోండి. డబ్బా మీద రాసిన ఏ ప్రచారమూ ఆ కాగితమంత నిజం చెప్పదు.

నేను పట్టుకుని ఉన్న సూత్రం ఇది. ఇంటర్నెట్ పోతే ఇంటి సర్వర్ (పరికరాలన్నిటినీ నడపడానికి ఇంట్లోనే పెట్టుకునే కంప్యూటర్) నడవాలి. సర్వర్ ఆగితే గోడ మీట నడవాలి. వైఫై కూడా పోయినా గోడ మీట నడవాలి. ఈ వరుసకు నిలవని పరికరం ఎంత బాగున్నా దీపాలకు, నీళ్ల మోటారుకు, తలుపులకు పెట్టను.

అన్నిటినీ కలిపే చోటుగా హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్‌ను చూడండి. పౌలస్ షౌట్‌సెన్ 2013లో మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఇది. 2024 నుంచి ఓపెన్ హోమ్ ఫౌండేషన్ అనే సంస్థ చేతిలో ఉంది. రాస్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు మీదైనా, పక్కన పడేసిన మినీ కంప్యూటర్ మీదైనా నడుస్తుంది. మీకు పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. దాని వెబ్‌సైట్‌లో ప్రతి ఇంటిగ్రేషన్ (ఒక్కో రకం పరికరాన్ని కలిపే భాగం) పేజీలోనూ ఆ పరికరంతో మాట్లాడే తీరు రాసి ఉంటుంది: లోకల్ పుష్, లోకల్ పోలింగ్, క్లౌడ్ పుష్, క్లౌడ్ పోలింగ్ అని. లోకల్ పుష్ అంటే మార్పు జరిగిన క్షణమే పరికరం ఇంటి సర్వర్‌కు చెబుతుంది. పోలింగ్ అంటే సర్వరే కొంత సేపటికొకసారి అడిగి తెలుసుకుంటుంది. కొనే ముందు ఆ ఒక్క పంక్తి చూస్తే సగం చిక్కులు రావు. క్లౌడ్ (అంటే బయట ఉన్న కంపెనీ సర్వర్) అని ఉంటే, హోమ్ అసిస్టెంట్‌లో కనిపించినా సరే, మీ ఆదేశం ఊరు తిరిగి వస్తున్నట్టే.

రెండోమాట

ఒక సందేహం, మనసులో ఉన్నది ఉన్నట్టు అడుగుతున్నాను. కంపెనీ సర్వర్ అయితే దాన్ని చూసుకునే మనుషులు ఉంటారు. ఇంటి సర్వర్ చెడితే నేనే చూడాలి. నేను ఇంట్లో లేని రోజున అది ఆగితే మా నాన్నగారు ఏం చేయాలి? కొత్తగూడు గారి ఇబ్బంది ఒక్క రాత్రిది. దాని కోసం ఇంత పని నెత్తిన వేసుకోవడం న్యాయమేనా?

ఇత్తడిదీపం

రెండోమాట గారూ, మీ ప్రశ్న సరైనదే. దానికి జవాబు ఆ మూడు మెట్ల వరుసలోనే ఉంది. సర్వర్ ఆగిన రోజున మీ నాన్నగారు గోడ మీట నొక్కుతారు, దీపం వెలుగుతుంది. ఆయన నేర్చుకోవాల్సింది ఏమీ ఉండకూడదు. అలా కట్టలేకపోతే స్మార్ట్ పరికరాలే వద్దంటాను.

చూసుకునే మనుషులు ఉంటారన్న మాట మీద మాత్రం నాకు నమ్మకం లేదు. రివాల్వ్ అనే హబ్‌ను నెస్ట్ కంపెనీ 2014లో కొనుక్కుంది, 2016 మే నెలలో దాని సర్వర్లు ఆపేసింది. ఆ హబ్‌లు ఇక దేనికీ పనికిరాలేదు. ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ పరికరాల కంపెనీ సర్వర్లు 2022 ఏప్రిల్‌లో ముందుగా చెప్పకుండానే ఆగిపోయాయి. తర్వాత దాని వాడకందారులే కొందరు కలిసి కొనుక్కుని మళ్లీ నిలబెట్టారు. ఆ మధ్య కాలంలో, ఇన్‌స్టియాన్ హబ్‌ను హోమ్ అసిస్టెంట్‌తో లోకల్‌గా కలుపుకున్నవాళ్ల ఇళ్లు నడుస్తూనే ఉన్నాయి. నా వాదనకు ఇంతకన్నా పెద్ద ఆధారం అక్కర్లేదు. 2023లో చాంబర్లైన్ తన గ్యారేజీ తలుపుల మైక్యూ సేవను ఇతర సాఫ్ట్‌వేర్లు వాడకుండా దారి మూసేసింది. ఆ పరికరాలు చెడిపోలేదు, కంపెనీ కూడా మూతపడలేదు. తలుపు మీదే, తాళం మాత్రం వాళ్ల దగ్గర ఉంది.

నెట్‌కాపరి

జిగ్‌బీ సంగతి నేను చెబుతాను. మీ హబ్ ఇంటర్నెట్ లేకపోతే నియమాలు నడపడం లేదంటే దాన్ని తీసేసి యూఎస్‌బీ కోఆర్డినేటర్ (జిగ్‌బీ వలను నడిపే, ఇంటి సర్వర్‌కు తగిలించే చిన్న రేడియో) పెట్టుకోవడం మేలు. బల్బులు, సెన్సర్లు అవే ఉంటాయి. ఒక్కోదాన్ని రీసెట్ చేసి కొత్తగా జతచేయాలి. ఆ కోఆర్డినేటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌గా జెడ్‌హెచ్‌ఏ లేదా జిగ్‌బీటుఎంక్యూటీటీ కావాలి. మొదటిది హోమ్ అసిస్టెంట్‌లోనే ఉంటుంది, పెట్టుకోవడం తేలిక. రెండోదానికి మస్కిటో లాంటి ఎంక్యూటీటీ బ్రోకర్ (సందేశాలను అటూ ఇటూ అందించే సాఫ్ట్‌వేర్) కూడా కావాలి, కానీ అది విడిగా నడుస్తుంది కాబట్టి హోమ్ అసిస్టెంట్ రీస్టార్ట్ అయినా జిగ్‌బీ వల చెక్కుచెదరదు. నా ఓటు రెండోదానికే.

కోఆర్డినేటర్‌ను నేరుగా కంప్యూటర్‌కు గుచ్చకండి. యూఎస్‌బీ 3 పోర్టులు, వాటికి తగిలించిన ఎస్ఎస్‌డీలు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద పుట్టిస్తాయి. జిగ్‌బీ మాట్లాడేది అక్కడే. ఒక యూఎస్‌బీ పొడిగింపు తీగ వేసి దూరంగా పెట్టండి. "సెన్సర్లు ఊరికే మాయమవుతున్నాయి" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఆ తీగే.

తర్వాత ఛానళ్లు. జిగ్‌బీకి 11 నుంచి 26 దాకా 16 ఛానళ్లు. వైఫై 1, 6, 11 ఛానళ్ల మీద ఉంటే వాటి మధ్య ఖాళీలు జిగ్‌బీ 15, 20, 25 దగ్గర వస్తాయి. 26 కూడా ఖాళీయే గానీ, కొన్ని పరికరాలు దాన్ని సరిగా పట్టుకోవు. రూటర్‌లో వైఫై ఛానల్ తనంతట తాను మారే ఏర్పాటు ఉంటే ఆపేసి ఒకదాని మీద నిలపండి. లేకపోతే ఇవాళ చూసుకున్న ఖాళీ రేపు ఉండదు.

మెట్ల బల్బులకు గోడ మీట ఉందా? ఆ మీట ఆపితే బల్బుకు కరెంటే ఉండదు. కరెంటు మీద నడిచే జిగ్‌బీ బల్బు సాధారణంగా పక్క సెన్సర్ల సందేశాలను కూడా మోస్తుంది. అది ఆరిపోతే దాని మీద ఆధారపడ్డ సెన్సర్లు దారి తప్పుతాయి.

తీగలపని

ఆ చివరి మాటకు నా వైపు నుంచి కొనసాగింపు. మీట వెనక ఉన్న బల్బు స్మార్ట్‌గా ఉండటం కన్నా, మీటే స్మార్ట్‌గా ఉండటం మేలు. మామూలు బల్బు పెట్టి, స్విచ్ పెట్టె వెనక రిలే మాడ్యూల్ (ఆదేశం అందితే కరెంటును కలిపే, తెంచే చిన్న పరికరం) బిగించండి. మీట నొక్కినా, సెన్సర్ చెప్పినా ఆ రిలేనే పనిచేస్తుంది. షెల్లీ మాడ్యూళ్లు ఈ తరహావే. వాటిని క్లౌడ్ పూర్తిగా ఆపేసి లోకల్‌గా వాడుకోవచ్చు.

స్విచ్ పెట్టె విప్పి చూడండి. న్యూట్రల్ తీగ అక్కడిదాకా వచ్చిందా లేదా అన్నది మొదటి ప్రశ్న. చాలా ఇళ్లలో స్విచ్ పెట్టెకు ఫేజ్ మాత్రమే వస్తుంది, న్యూట్రల్ నేరుగా దీపానికి పోతుంది. న్యూట్రల్ అక్కర్లేని మాడ్యూళ్లు ఉన్నాయి, కానీ అవి దీపం గుండా కొద్దిపాటి కరెంటు పంపి బతుకుతాయి. చిన్న ఎల్ఈడీ బల్బులు దాంతో మినుకుమంటాయి. తీగ లాగించగలిగితే న్యూట్రల్ తెప్పించుకోవడమే సుఖం.

గీజర్‌కు, మోటారుకు ఏ మాడ్యూలూ గుడ్డిగా పెట్టకండి. రిలే మీద రాసి ఉండే ఆంపియర్లు హీటర్ లాంటి భారానికి లెక్కకట్టినవి. మోటారు మొదలయ్యేటప్పుడు లాగే కరెంటు దాని మామూలు కరెంటుకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ దెబ్బకు రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి. అప్పుడు ఫోన్‌లో ఆపినట్టు కనిపిస్తుంది, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. చిన్న రిలేతో కాంటాక్టర్‌ను (పెద్ద కరెంటును తట్టుకునే రిలే లాంటిది) నడిపించండి, కాంటాక్టర్ మోటారును నడిపిస్తుంది. ఈ పని ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. ఇందులో మొహమాటం వద్దు.

చిప్పుగూడు

వైఫై స్విచ్‌ల గురించి. బజారులో చాలా బ్రాండ్ల పేరుతో వచ్చే వైఫై స్విచ్‌ల లోపల తూయా అనే కంపెనీ వేదికే ఉంటుంది. అలాంటివాటికి రెండు దారులు. ఒకటి, ఉన్న ఫర్మ్‌వేర్‌నే (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) ఉంచి లోకల్‌తూయా లాంటి ఇంటిగ్రేషన్‌తో ఇంటి వైఫైలోనే మాట్లాడటం. దీనికి ప్రతి పరికరానికీ ఉండే లోకల్ కీ (రహస్య సంకేతం) కావాలి. దాన్ని ఒకసారి క్లౌడ్ ఖాతా ద్వారా తెచ్చుకోవాలి. తర్వాత ఇంటర్నెట్‌తో పని లేదు. కానీ పరికరాన్ని యాప్‌లో మళ్లీ జతచేసిన ప్రతిసారీ కీ మారిపోతుంది. కాబట్టి కీలు రాసుకున్నాక ఆ యాప్‌లో వేలు పెట్టకండి. కొన్ని పరికరాలు ఒకసారికి ఒక్క లోకల్ కనెక్షన్‌నే ఒప్పుకుంటాయి. ఫోన్‌లో యాప్ తెరిచి ఉంటే హోమ్ అసిస్టెంట్‌కు జవాబు రాకపోవచ్చు.

రెండోది, ఫర్మ్‌వేర్‌నే మార్చేయడం. లోపల ఈఎస్‌పీ8266 లేదా ఈఎస్‌పీ32 చిప్ ఉంటే టాస్మోటా, ఈఎస్‌పీహోమ్ అనే ఫర్మ్‌వేర్లు రెండూ ఎక్కుతాయి. కొత్తగా వచ్చేవాటిలో బీకే7231 చిప్‌లు ఎక్కువ. వాటికి ఓపెన్‌బేకెన్ అనే ఫర్మ్‌వేర్ ఉంది, లిబ్రెటైనీ అనే సాధనం ద్వారా ఈఎస్‌పీహోమ్ కూడా ఎక్కించవచ్చు. నాకు ఈ దారే ఇష్టం. ఆ తర్వాత ఆ స్విచ్ పూర్తిగా మీదవుతుంది, ఏ కీ కోసమూ ఎవరినీ అడగక్కర్లేదు.

ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోకండి: ఫర్మ్‌వేర్ ఎక్కించేటప్పుడు స్విచ్‌కు ఇంటి కరెంటు ఉండకూడదు. దాన్ని గోడ నుంచి విప్పి బల్ల మీద పెట్టి, 3.3 వోల్టుల సీరియల్ అడాప్టర్‌తోనే చేయండి. ఈ బోర్డుల్లో చాలావాటికి సున్నా వోల్టుల తీగకూ మెయిన్స్‌కూ మధ్య ఎడం ఉండదు. కరెంటు ఉండగా కంప్యూటర్ కలిపితే మనిషి ప్రాణానికే ముప్పు.

కొత్తగూడు

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. తీగ ఊడదీసి పరీక్ష చేశాను. కెమెరాల యాప్ అసలు తెరుచుకోలేదు. జిగ్‌బీ హబ్ ఫోన్‌కు జవాబిచ్చింది గానీ నియమాలు నడపలేదు. వైఫై స్విచ్‌లు గోడ మీటకు తప్ప దేనికీ పలకలేదు.

ఇప్పుడు ఒక మినీ కంప్యూటర్ మీద హోమ్ అసిస్టెంట్ నడుస్తోంది. జిగ్‌బీ అంతా కొత్త కోఆర్డినేటర్ మీదకు మార్చాను, పొడిగింపు తీగ వేసి, 25వ ఛానల్ మీద. స్విచ్‌లకు ఈఎస్‌పీహోమ్ ఎక్కించాను. మెట్ల దీపం తలుపు తీసిన క్షణమే వెలుగుతోంది. ఇదివరకు వెలగడానికి పట్టే ఆ చిన్న ఆలస్యం కూడా లేదు.

ఒక్కటి అర్థం కావడం లేదు. ఇత్తడిదీపం గారు చెప్పిన వరుస పరీక్షిద్దామని సర్వర్ ఆపి చూశాను. గోడ మీటలు పనిచేశాయి. కానీ వెలుగుతున్న దీపాలు కాసేపటికి వాటంతట అవే ఆరిపోతున్నాయి. మీట నొక్కితే మళ్లీ వెలుగుతాయి, పావుగంటకు మళ్లీ ఆరతాయి. సర్వర్ ఆన్ చేస్తే ఈ జబ్బు లేదు. వైరింగ్‌లో లోపమా?

చిప్పుగూడు

వైరింగ్ బాగానే ఉంది. "పావుగంట" అన్న మాటతోనే తెలిసిపోయింది. ఈఎస్‌పీహోమ్‌లో, హోమ్ అసిస్టెంట్‌తో మాట్లాడే ఏపీఐ అనే భాగానికి రీబూట్ టైమౌట్ అనే అమరిక ఉంది. ఏమీ రాయకపోతే అది 15 నిమిషాలు. అంతసేపు ఏ సర్వరూ కలవకపోతే పరికరం తనలోనే ఏదో చిక్కు ఉందనుకుని రీస్టార్ట్ అవుతుంది. లేచాక రిలే ఆఫ్‌తో మొదలవుతుంది, దీపం ఆరుతుంది. వైఫై భాగానికీ, వాడితే ఎంక్యూటీటీకీ ఇలాంటిదే వేరే టైమౌట్ ఉంటుంది.

గోడ స్విచ్‌లకు ఏపీఐలోనూ వైఫైలోనూ దాన్ని 0 సెకన్లుగా పెట్టండి. అప్పుడు సర్వర్ లేకపోయినా, రూటరే ఆగిపోయినా స్విచ్ కదలకుండా ఉంటుంది. దాంతోపాటు రిలే రిస్టోర్ మోడ్‌ను, కరెంటు పోయి వస్తే పాత స్థితికి వచ్చేలా మార్చండి. దీపాలకు మాత్రమే సుమా. గీజర్‌కు, మోటారుకు ఎప్పుడూ ఆఫ్‌తోనే మొదలవ్వాలి.

మీట, రిలే మధ్య సంబంధం స్విచ్ లోపలి కాన్ఫిగరేషన్‌లోనే రాసి ఉందా? మీట నొక్కితే సర్వర్‌కు చెప్పి, సర్వర్ రిలేను నడిపేలా రాసుకున్నవాళ్లను చూశాను. అది సర్వర్ ఉన్నంతవరకే బాగుంటుంది.

కొత్తగూడు

లోపలే రాశాను. టైమౌట్ మార్చి, సర్వర్ ఆపి రాత్రంతా వదిలేశాను. ఒక్క దీపం ఆరలేదు. చాలా సంతోషం.

నెట్‌కాపరి

ఇక కెమెరాలు. మీవి ఆర్‌టీఎస్‌పీ లేదా ఆన్‌విఫ్ (కంపెనీ యాప్ లేకుండా ఇతర సాఫ్ట్‌వేర్‌కు వీడియో అందించే పద్ధతులు) ఇస్తే ఉంచుకోండి. ఇవ్వకపోతే మార్చడం తప్ప దారి లేదు. యాప్ మాత్రమే చూపించే కెమెరాను లోకల్‌గా మార్చే ప్రయత్నం చాలాసార్లు వృథా శ్రమ. ఫ్రిగేట్ అనే సాఫ్ట్‌వేర్ ఆ వీడియోను ఇంట్లోనే నిల్వ చేస్తుంది, మనిషా వాహనమా అన్నది ఇంట్లోనే గుర్తుపడుతుంది.

కెమెరాలను, స్విచ్‌లను విడి వీలాన్‌లో (అదే రూటర్‌లో వేరుచేసిన నెట్‌వర్క్) పెట్టి బయటికి దారి మూసేయండి. సర్వర్ వాటిని చేరుకోవాలి, అవి మాత్రం ఇంటర్నెట్‌కు పోకూడదు. ఇలా మూశాక ఒకటి గమనిస్తారు: కెమెరా గడియారం తప్పుతుంది. ఎందుకంటే సమయం తెచ్చుకునే ఎన్‌టీపీ కూడా ఇంటర్నెట్ మీదే. రూటర్‌నే ఎన్‌టీపీ సర్వర్‌గా చేసి కెమెరాలకు దాని చిరునామా ఇవ్వండి. రికార్డింగ్‌లో సమయం తప్పుగా ఉంటే అవసరం పడ్డ రోజున ఆ వీడియో చూపించి ఏ లాభం?

వీలాన్‌లు వేశాక కొన్ని పరికరాలు హోమ్ అసిస్టెంట్‌కు కనిపించకపోవచ్చు. వాటిని వెతికే ఎండీఎన్ఎస్ సందేశాలు ఒక నెట్‌వర్క్ దాటి మరోదానిలోకి పోవు. రూటర్‌లో ఎండీఎన్ఎస్ రిఫ్లెక్టర్ ఉంటే ఆన్ చేయండి, లేదా పరికరాలకు స్థిరమైన ఐపీ ఇచ్చి చేత్తో కలపండి.

బయటి నుంచి చూడటానికి వైర్‌గార్డ్ వీపీఎన్ (ఇంటి నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి) వాడండి. హోమ్ అసిస్టెంట్ 8123 పోర్టును రూటర్‌లో నేరుగా బయటికి తెరవకండి, ఎవరు ఎంత తేలికని చెప్పినా సరే. మీ ఇంటర్నెట్ సంస్థ సీజీనాట్ (చాలా ఇళ్లకు కలిపి ఒకే బయటి చిరునామా ఇచ్చే ఏర్పాటు) వెనక ఉంచితే బయటి నుంచి కనెక్షన్ లోపలికి రాదు. అప్పుడు ఐపీవీ6 (కొత్త తరహా ఇంటర్నెట్ చిరునామాలు) ద్వారా, లేదా బయట చిన్న సర్వర్ ఒకటి మధ్యలో పెట్టుకుని కలవాలి.

రెండోమాట

ఇదంతా చదివాక నా అభిప్రాయం కొంత మారింది, ముఖ్యంగా గోడ మీట మాట విన్నాక. అయితే మ్యాటర్ అని స్మార్ట్ పరికరాలకు ఉమ్మడి ప్రమాణం వచ్చింది కదా, దాని గుర్తు ఉన్న పరికరాలే కొంటే ఈ ఫర్మ్‌వేర్ల బాధ ఉండదా?

ఇత్తడిదీపం

కొత్తగా కొనేవాళ్లకు మంచి దారే. మ్యాటర్ 1.0 2022 అక్టోబరులో వచ్చింది. నియంత్రణ ఇంటి నెట్‌వర్క్‌లోనే జరగాలన్నది దాని పునాదిలోనే ఉంది. ఒకే పరికరాన్ని ఒకటికన్నా ఎక్కువ వ్యవస్థలకు కలపవచ్చు కూడా. కానీ మూడు మాటలు గుర్తుంచుకోండి. అది ఐపీవీ6 మీద నడుస్తుంది, రూటర్‌లో ఐపీవీ6ను, మల్టీకాస్ట్‌ను (ఒకేసారి చాలా పరికరాలకు పంపే సందేశాలు) అడ్డుకుంటే పరికరం కలవదు. థ్రెడ్ (జిగ్‌బీ లాంటి రేడియో పద్ధతి) మీద నడిచే పరికరమైతే, దాన్ని ఇంటి నెట్‌వర్క్‌కు కలిపే థ్రెడ్ బోర్డర్ రూటర్ కావాలి. పరికరం మీద ముద్రించిన సెటప్ కోడ్‌ను గోడలో బిగించే ముందే ఫోటో తీసి దాచుకోండి. తర్వాత అది కావాలంటే మళ్లీ స్విచ్ విప్పాల్సిందే.

కంపెనీ తన ప్రత్యేక సౌకర్యాలను మ్యాటర్‌లోకి తేకుండా సొంత యాప్‌లోనే ఉంచుకోవచ్చు. కరెంటు వినియోగం కొలిచే ప్లగ్‌ను మ్యాటర్ ద్వారా కలిపితే ఆన్, ఆఫ్ మాత్రమే కనిపించే సందర్భాలు ఉన్నాయి. గుర్తు చూసి ఆగకుండా, మీకు కావాల్సిన పని లోకల్‌గా వస్తుందో లేదో అడగండి.

కొత్తగూడు

ఏసీ డబ్బా కూడా లోకల్‌గా కలిసింది. కానీ రిమోట్‌తో ఎవరైనా ఏసీ ఆపితే హోమ్ అసిస్టెంట్‌కు తెలియడం లేదు. ఇంకా ఆన్‌లోనే ఉందని చూపిస్తుంది.

తీగలపని

ఇన్‌ఫ్రారెడ్ ఒక వైపే పోతుంది, ఏసీ తిరిగి ఏమీ చెప్పదు. ఏసీ సర్క్యూట్‌కు కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ మాడ్యూల్ తగిలించండి. వాడకం ఎంత దాటితే నడుస్తున్నట్టో కొన్నాళ్లు గమనించి నిర్ణయించండి. కంప్రెసర్ ఆగి ఫ్యాను మాత్రమే తిరిగే సమయాన్ని "ఆఫ్" అని పొరబడకుండా హద్దు కింది వైపు పెట్టండి.

చిప్పుగూడు

దానికి తోడు, ఈఎస్‌పీహోమ్‌తో చేసుకునే ఇన్‌ఫ్రారెడ్ డబ్బాకు రిసీవర్ కూడా పెట్టవచ్చు. ఏసీ రిమోట్ ప్రతి నొక్కుడుకూ ఉష్ణోగ్రత, మోడ్, ఫ్యాను వేగం అన్నీ కలిపి పంపుతుంది. మీ ఏసీ తయారీకి తగ్గ భాగం ఈఎస్‌పీహోమ్‌లో ఉండి, దానికి రిసీవర్‌ను చదివే వీలుంటే, ఎవరో చేతి రిమోట్‌తో మార్చింది కూడా అక్కడ కనిపిస్తుంది. మీటర్, రిసీవర్ రెండూ పెట్టుకుంటే ఇంకా మంచిది.

కొత్తగూడు

రెండూ పెడతాను. ఆఖరి ప్రశ్న: మినీ కంప్యూటర్ పాడైతే ఇదంతా మళ్లీ మొదటి నుంచి చేయాలా?

నెట్‌కాపరి

అక్కర్లేదు, బ్యాకప్ ఆ కంప్యూటర్‌లోనే పడి ఉండకపోతే. రోజూ తనంతట తాను బ్యాకప్ తీసి ఇంకో యంత్రంలో వేసేలా పెట్టండి. బ్యాకప్ ఎన్‌క్రిప్షన్ కీని కాగితం మీద రాసుకోండి. జిగ్‌బీటుఎంక్యూటీటీ ఫోల్డర్ అందులో ఉందో లేదో విప్పి చూడండి. జిగ్‌బీ వల తాళం, పరికరాల జాబితా అందులోనే ఉంటాయి. అవి ఉంటే, అదే రకం చిప్ ఉన్న కొత్త కోఆర్డినేటర్ మీదకు చాలావరకు మళ్లీ జతచేయకుండానే ఎక్కించవచ్చు. లేకపోతే నిచ్చెన వేసుకుని ఒక్కో సెన్సర్ దగ్గరికీ వెళ్లాలి. రూటర్, సర్వర్ రెండిటికీ చిన్న యూపీఎస్ పెట్టండి, కరెంటు పోయినప్పుడు డేటాబేస్ పాడవకుండా ఉంటుంది. బ్యాకప్‌ను ఒకసారి వేరే కంప్యూటర్‌లో తెరిచి చూసి, ఫలితం ఇక్కడ రాయండి.